మీ నాన్నగారిని ఇప్పుడే కదపకండి, గేదెని అప్పుడే అమ్మకండి

అమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మగారు పోయి నాలుగు నెలలు. నాన్నగారికి అరవై ఏడు. గుంటూరు వైపు పల్లె, రెండెకరాల మిరప, ఒక పాడిగేదె. పన్నెండో రోజు అయ్యాక ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్తే తొమ్మిదో రోజున బస్సెక్కి ఊరికి వచ్చేశారు. ఇప్పుడు పొద్దస్తమానం అరుగు మీదే కూర్చుంటున్నారు. అమ్మ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, తీయబోతే కోప్పడుతున్నారు. సాయంత్రం పాకలో నిలబడి అమ్మతో మాట్లాడుతున్నారని పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. గేదెని అమ్మేసి ఆయన్ని మళ్ళీ తెచ్చేసుకుందామని మీ తమ్ముడు పట్టుబడుతున్నాడు. ఏం చెయ్యమంటారని అడిగారు.

నాకు డెబ్బై రెండు. కోనసీమలో మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి 2018లో దిగిపోయాను. మరుసటి ఏడాది కార్తీకంలో మా ఆవిడ పోయింది. ఆ ఉద్యోగంలో నేను ఎక్కని గుమ్మం మా ఊళ్ళో లేదు. చావు కబుర్ల ఉత్తరాలు నా చేతుల మీదుగానే వెళ్ళేవి. తోడు పోయిన ఇల్లు మొదటి ఏడాది ఎలా ఉంటుందో చాలా చూశాను, నాకు తెలుసనే అనుకున్నాను. నా ఇంటికి వచ్చాక గానీ అందులో సగమన్నా తెలియలేదు. ఆ తెలిసిన దానిలోంచే చెబుతున్నాను.

చెప్పులు ఉండనివ్వండి. వాటి వల్ల ఎవరికీ నష్టం లేదు. మా ఇంట్లో పన్నెండో రోజు సాయంత్రం కోడళ్ళూ మా చెల్లెళ్ళూ కలిసి బీరువా ఖాళీ చేశారు. నాకు కళ్ళముందు కనిపిస్తుంటే బాధ అనుకున్నారు, మంచి మనసుతోనే చేశారు. ఈ చీర ఫలానా వాళ్ళకి ఇవ్వమంటారా అని అడిగితే సరే అన్నాను. ఆ రోజుల్లో నన్ను ఎవరు ఏం అడిగినా సరే అనేవాణ్ణి. ఆ మాటకి విలువ లేదని వాళ్ళకి తెలియదు, నాకూ తెలియదు. తర్వాత రెండు రోజులకి దండెం మీద ఒక పాత నేతచీర కనిపించింది. పాకలో పనికి కట్టుకునేది. పేడ మరకలున్నాయని ఎవరూ తీసుకోలేదు. మా ఆవిడ బట్టల్లో నాకు మిగిలింది అదొక్కటే. కాబట్టి ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో ఏ వస్తువూ ఆయన చేత్తో తప్ప కదలకూడదని మీరూ మీ తమ్ముడూ ఒక మాట అనుకోండి.

అమ్మతో మాట్లాడుతున్నారన్నారు. మతి చెదిరిందేమోనని మీ భయం. నేనూ నా గురించి అలాగే భయపడి, మాకు చూసే డాక్టరుగారిని అడిగాను. తెల్లవారుజామున వంటింట్లో గాజుల చప్పుడు వినిపించేది నాకు. ఆయన చెప్పిన సంగతి ఇది: వేల్స్ పల్లెల్లో వైద్యం చేసే దెవి రీస్ అనే డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కూర్చోబెట్టి అడిగి 1971లో అచ్చు వేశాడట. దాదాపు సగం మంది, పోయిన మనిషి దగ్గరే ఉన్నట్టు అనిపిస్తోందనో, కనిపిస్తోందనో, వినిపిస్తోందనో చెప్పారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. పైగా, మీ నాన్నగారు పాకలో మాట్లాడేది అమ్మతోనో గేదెతోనో బయట నుంచి విన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ముందు ఇంకో మాట. మీ నాన్నగారికి ఈ నాలుగు నెలల్లో వందమంది ఒకటే చెప్పి ఉంటారు: "అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది. పుణ్యస్త్రీ." నాకూ చెప్పారు. పదో రోజున ముత్తైదువలు వచ్చి మా ఆవిడ ఫొటోకి బొట్టు పెట్టి, అంత గొప్ప చావు ఎవరికి వస్తుందన్నారు. ఏటా భాద్రపద బహుళంలో అవిధవా నవమి అని వేరే తిథి కూడా ఉంది, భర్త ఉండగా పోయిన ఆడవాళ్ళ కోసం. ఇవన్నీ గౌరవాలే, కాదనను. కానీ ఆ మాట విన్న మగవాడు ఏమనాలి? ఆమె ముందు పోవడమే భాగ్యమైతే, నేను ఏడవడం ఆ భాగ్యానికి అడ్డొచ్చినట్టే కదా అనిపించేది. తల ఊపి ఊరుకునేవాణ్ణి. భర్త పోయిన ఆడమనిషికి మన ఊళ్ళు చేసే అవమానం నేను చూశాను. పదో రోజున గాజులు చితక్కొట్టడం, శుభకార్యానికి ఎదురు రావద్దనడం, పేరంటానికి పిలవకపోవడం, అన్నీ చూశాను. దానితో నా బాధని పోల్చను, అది మనుషులు చేసే క్రూరత్వం. అయితే ఆమె చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తారు, ఏడవనిస్తారు. మగవాడి దగ్గరకి మగవాళ్ళు వస్తారు, నిలబడతారు, కాలవ నీళ్ళు ఎప్పుడు వదులుతారో మాట్లాడతారు, వెళ్ళిపోతారు. అందుకని మీరు ఈసారి వెళ్ళినప్పుడు అమ్మది మంచి చావు అనకండి. "నాకు అమ్మ లేకుండా కష్టంగా ఉంది నాన్నా" అని మీ సంగతి చెప్పండి. ఆయన ఏమీ అనకపోయినా ఫరవాలేదు.

ఇక గేదె. మీ ప్రశ్నలో అసలు సంగతి ఇదేనని నాకు అనిపించింది.

1996 నవంబరు 6 తుపానుకి మా కొబ్బరితోట మొత్తం నేలమట్టమైంది. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్ళకి వివరం చెప్పనక్కర్లేదు. దేశవాళీ కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్ళు. నా జీతం చాలదు. మా ఆవిడ నన్ను అడక్కుండానే తన గొలుసు తాకట్టు పెట్టి ఒక చూడిగేదెని కొంది. తోట మళ్ళీ కాసేదాకా ఆ పాలే మా ఇంటిని నడిపాయి. పిల్లల చదువులకి ఆ డబ్బే. దాని సంతతి ఇప్పటికీ మా పాకలో ఉంది. అన్నేళ్ళూ పాలు తీసింది ఆవిడే. నేను గడ్డి తెచ్చి వేసేవాణ్ణి, అంతే.

ఆవిడ పోయిన మర్నాటి నుంచీ గేదె చేపలేదు, అంటే పొదుగులోకి పాలు దింపలేదు. పాలు పితికే ఇంట్లో పుట్టిన మీకు ఆ మాట తెలిసే ఉంటుంది. ఆవుకి పొదుగులో ముందే కొంత దిగి ఉంటుంది, గేదెకి దాదాపు అంతా చేపితేనే దిగుతుంది. బెదిరినా, కొత్త చెయ్యి తగిలినా బిగబట్టేస్తుంది. దూడని వదిలాం, దాణా పెట్టాం, పొరుగింటి పాలేరుని పిలిచాం. గిన్నె అడుగు తడవలేదు. ఇంజెక్షన్ చేయించమని ఒకరు చెప్పారు, నాకు మనసొప్పలేదు. పదిహేనో రోజో పదహారో రోజో, ఆ పేడ మరకల చీర భుజాన వేసుకుని కూర్చున్నాను. పొదుగు కడిగి, చన్నులు నిమిరి, ఏం చెయ్యాలో తోచక మాట్లాడటం మొదలుపెట్టాను. ఎందుకంటే మా ఆవిడ పాలు తీస్తున్నంతసేపూ దానితో ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఎదురింటి పెళ్ళి సంబంధం, రేషను పంచదార, నా మీద ఫిర్యాదులు. నేను ఆవిడ గురించి చెప్పాను. ఆసుపత్రిలో చివరి రెండు రోజులు ఎలా గడిచాయో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, గేదెకి చెప్పాను. ఆ పూట సగం చెంబు పాలు వచ్చాయి.

మీ నాన్నగారు పాకలో నిలబడి మాట్లాడుతున్నారంటే, ఆయన కూడా ఏదో దారి వెతుక్కుంటున్నారేమో చూడండి. పాలు ఎవరు తీస్తున్నారు, ఎన్ని వస్తున్నాయి, కేంద్రానికి ఎవరు పోస్తున్నారు? మీ ఉత్తరంలో ఇవేవీ లేవు.

పాలు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. ఎవరికి ఎన్ని పొయ్యాలో నాకు తెలియదు. వంటింటి తలుపు వెనక గోడ మీద బొగ్గు గీతలు ఉన్నాయి, ఆరు వరసలు. నిలువు గీతలు, మధ్యలో చుక్కలు, కొన్నిటి మీద అడ్డగీత. అది ఆవిడ పాల లెక్క. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ లెక్కల్లో రూపాయి తేడా రానివ్వని నాకు, నా ఇంటి గోడ మీద లెక్క చదవడం రాలేదు. ఏ వరస ఎవరిదో కూడా తెలియలేదు. చెంబు పట్టుకుని వాడికగా పాలు పోయించుకునే ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్ళి అడిగాను. గీత అరలీటరు. చుక్క నాగా. అడ్డగీత పడితే డబ్బు ముట్టినట్టు. అయిదో వరస ఎవరూ మాదనలేదు. నాలుగు రోజుల తర్వాత తేలింది, అది మిల్లు దగ్గర తీసుకున్న తవుడు బస్తాల లెక్క, మనం వాళ్ళకి బాకీ. ఆ బాకీ నేను తీర్చాను.

అలా తిరిగిన నాలుగు రోజుల్లో, పన్నెండు రోజుల కర్మల్లో విన్నదానికన్నా ఎక్కువ విన్నాను ఆవిడ గురించి. ఒకావిడ, మీ ఇంటావిడ చెంబు ఎప్పుడూ ఎడమచేత్తో పట్టుకునేది అంది. నేను నలభై ఏళ్ళలో చూడలేదు ఆ సంగతి. ఆ రోజుల నుంచే నేను మళ్ళీ ఊళ్ళోకి వచ్చాననుకుంటాను.

తర్వాత మూడు నెలలకి లాక్‌డౌన్. 2020 మార్చి 25. పెద్దవాడు పుణెలో, చిన్నవాడు హైదరాబాదులో, ఎక్కడివాళ్ళు అక్కడే. ఆ నెల మాసికానికి పురోహితుడు రాలేకపోతే, ఆయన ఫోన్‌లో చెప్పినట్టు బియ్యమూ కూరగాయలూ పక్కన పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. పాలకి మాత్రం పొద్దున్నే వెళ్ళనిచ్చేవారు. ఆ అయిదిళ్ళూ లేకపోతే, గేదె కట్లు తెంపుకుని అరవకపోతే, ఆ వేసవిలో నేను మంచం దిగేవాణ్ణి కాదని నాకు గట్టిగా తెలుసు. అందుకే గేదెని అమ్మేస్తే నాన్నకి తేలికవుతుంది అన్న మాట నేను ఒప్పుకోను. ఆయన్ని నిద్ర లేపుతున్నది ప్రస్తుతం అదొక్కటే కావచ్చు. ఆయనే నావల్ల కావట్లేదంటే, నడుం నొప్పో మోకాళ్ళో, అది వేరే సంగతి. అప్పుడు ఊళ్ళోనే ఎవరికైనా అమ్మండి, వెళ్ళి చూసుకునేలా. సంతకి తోలకండి.

వంట గురించి అడగలేదు మీరు, నేను చెబుతాను. మా ఆవిడ ఇద్దరికీ కలిపి రోజుకి సోలెడు బియ్యం పోసేది. నేనూ సోలే పోసేవాణ్ణి. మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి. సోలకి నాలుగు గిద్దలు. అందులోంచి రెండు గిద్దలు తగ్గించడానికి నాకు ఉగాది దాకా పట్టింది. చెయ్యి తగ్గేది కాదు. కూర మానేసి మజ్జిగన్నం, ఊరగాయతో గడిపేసేవాణ్ణి, పంచె ముడి లోపలికి జరుగుతున్నా గమనించుకోలేదు. మాత్రలు ఆవిడే చేతిలో పెట్టేది, నీళ్ళ గ్లాసుతో సహా. మూడు వారాలు బీపీ మాత్ర వేసుకోలేదన్న సంగతి కళ్ళు తిరిగి పడ్డాక తెలిసింది. కాబట్టి మీరు వెళ్ళగానే మాత్రల డబ్బా తెరిచి లెక్కపెట్టండి. వారానికి సరిపడా గళ్ళున్న డబ్బా కొనివ్వండి. నెలకోసారి బరువు చూడమని ఆశా కార్యకర్తని అడగండి. క్యారియరు కుదర్చడం కన్నా, చారు పెట్టడం, పప్పు ఉడకేయడం మీరు దగ్గరుండి నేర్పించండి. రెండు రోజులు ఉంటే చాలు. నాకు మా చిన్న కోడలు ఫోన్‌లో నేర్పింది. చారులో ఉప్పు ఎక్కువైందని తనకి చెప్పినప్పుడు, ఆవిడ పోయాక మొదటిసారి నేను నవ్వానట. తనే చెప్పింది.

ఇప్పుడు చెప్పేది మాత్రం మీరు వాయిదా వేయకూడదు. మిరప వేసే ఇల్లన్నారు. పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయి? మంచం కిందో, అటక మీదో, పాకలోనో ఉంటాయి. అవి ఇంట్లోంచి తీయించండి. పక్క రైతు కొట్టంలో తాళం వేసి పెట్టించండి, కొట్టే రోజున తెచ్చుకోవచ్చు. నాన్నగారి మీద అనుమానం కొద్దీ కాదు. పల్లెల్లో ఒక్క చెడ్డ గంట చాలు, చెయ్యి అందేంత దూరంలో డబ్బా ఉంటే. మా ఊళ్ళో అలా పోయినవాళ్ళని నేను చూశాను, వాళ్ళలో ఒకాయన అంతకు ముందు రోజు నా దగ్గర పోస్టుకార్డులు కొనుక్కున్నాడు.

అరుగు మీద కూర్చోవడం, మాట తగ్గడం, రాత్రి మెలకువ, ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు, ఇవి నాలుగు నెలలకి ఉంటాయి. రాను రాను ఒక పూట బాగుండటం, ఒక పూట బాగుండకపోవడంగా మారతాయి. అలా మారకుండా రోజురోజుకీ తిండి తగ్గిపోతున్నా, స్నానం మానేసినా, అలవాటు లేని తాగుడు మొదలైనా, నేనెందుకు ఇంకా అన్న మాట పదేపదే వస్తున్నా, ఊళ్ళో చిన్న చిన్న బాకీలన్నీ హడావిడిగా తీర్చేస్తూ వస్తువులు పంచేస్తున్నా, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు, అడిగేవాళ్ళు లేకే లోపల కుళ్ళుతుంది. టెలిమానస్ అని 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న ఉచిత ఫోన్ ఉంది, 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరైనా చేసి సలహా అడగవచ్చు. పెద్దవాళ్ళ ఇబ్బందులకి ఎల్డర్‌లైన్ 14567 వేరే ఉంది. రెండూ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. మీరు చేయించే ఉంటారు, ధ్రువపత్రం నాలుగైదు నకళ్ళు తీసుకోండి. గ్యాసు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పొదుపు సంఘంలో అమ్మ పొదుపూ అప్పూ, ఇవి ఒక్కో వారం ఒక్కోటి, మీరు పక్కనుండి, ఆయన్ని వెంట తీసుకెళ్ళి చేయించండి. అమ్మ కార్డుతో డబ్బులు తీయకండి, తర్వాత చిక్కు. అమ్మ పేరున పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం ఉండి, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది నాన్నగారికీ మీకూ మీ తమ్ముడికీ సమానంగా వస్తుంది. దాని మీద ఆయన చేత ఈ ఏడాది ఏ సంతకమూ పెట్టించకండి. ఎవరు ఏం అడిగినా సరే అనే రోజులివి, మొదట్లోనే చెప్పాను.

హైదరాబాదు వద్దని నేను అనడం లేదు. మా చిన్నవాడి ఇంట్లో నేను ఇప్పుడు ఏటా ఎండాకాలం నెల్లాళ్ళు ఉంటాను, హాయిగానే ఉంటాను. కానీ మొదటి ఏడాది వెళ్ళినప్పుడు, పొద్దున నాలుగింటికి లేచి ఏడింటిదాకా చీకట్లో సోఫాలో కూర్చునేవాణ్ణి, చప్పుడైతే పిల్లలు లేస్తారని. తలుపు తీస్తే ఎదుటివాళ్ళ తలుపు. ఎవరూ నన్ను ఏదీ అడిగేవాళ్ళు కాదు. అంత ప్రేమగా చూసుకున్నారు. మీ నాన్నగారు తొమ్మిది రోజులు ఆగారంటే మీ కోసమే ఆగారు. సంవత్సరీకం అయ్యాక పిలవండి. తిరుగు టిక్కెట్టు ముందే చేతిలో పెట్టి పిలవండి. ఈలోగా మీరే నెలకోసారి వెళ్ళండి, పండగలకి కాకుండా, పనులున్న మామూలు రోజున. ఈ ఏడాది మీకు ఎలాగూ పండగలు లేవు. సంక్రాంతికి పొయ్యి మీద మూకుడు పెట్టరు, ఎవరో అరిసెలు తెచ్చి ఇస్తారు. ఆ పూట మాత్రం ఆయన ఒక్కరే ఉండకుండా చూడండి.

మీరు రోజూ రాత్రి ఫోన్ చేసి "తిన్నారా" అని అడుగుతున్నానన్నారు. ఆయన "ఆఁ" అని పెట్టేస్తున్నారన్నారు. రేపు పొద్దున, పాలు తీసే వేళ దాటాక చేయండి. అమ్మ ఏయే ఇంటికి ఎన్ని పాలు పోసేదో, ఎవరి బాకీ ఎంతో చెప్పమనండి, కాగితం మీద రాసుకుంటున్నానని చెప్పండి. ఆయనకి తెలియకపోతే కనుక్కుని సాయంత్రం చెప్పమనండి.